అంటుకత్తికి తోలు ఒర

ఆయన కుడిచెయ్యి ఊరికే ఉండేది కాదు, కాసేపటికోసారి నడుము దగ్గరికి పోయి వచ్చేది. ఎవరితోనైనా మాట్లాడుతున్నా, చాయ్ తాగుతున్నా, బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డా అంతే. మొదటిసారి చూసి నడుం నొప్పేమో అనుకున్నాను. రెండోసారి, పైసలు దోపుకున్నాడేమో, ఎవరైనా కొట్టేస్తారని భయమేమో అనుకున్నాను. తీరా చూస్తే అక్కడున్నది కత్తి. చేతిరుమాలులో చుట్టి, లుంగీ మడతలో చెక్కుకున్న కొయ్యపిడి మడత కత్తి. విప్పితే జానెడు కూడా ఉండదు. దాంతో ఆయన ఎవరినీ బెదిరించలేదు, చెట్లకు అంట్లు కట్టాడు. నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్లో సగం చెట్ల మొదళ్లకు ఆయన కత్తి గాటే ఉంటుందని రైతులు అనేవారు. సగం అన్నది ప్రేమకొద్దీ అన్న మాటే అనుకోండి, కానీ ఆ ప్రేమ మాత్రం నిజం.

పోయిన నెల ఒక పొద్దున రైతు వేదికలో కూర్చుని ఏవో దరఖాస్తులు చూస్తుంటే, కనగల్ వైపు నర్సరీ ఉన్న రైతు ఫోన్ చేశాడు. "మేడం, మన అంట్ల కాక పోయిండు. నిన్న గుండె నొస్తుందన్నడట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందట" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఆయన చెయ్యి తప్పు చెయ్యలేదు, తప్పు నాది అన్న మాట. ఇప్పుడు దాన్ని ఎవరికి చెప్పాలి? అది దాచిపెట్టి ఆయన గురించి ఎంత మంచిగా రాసినా అబద్ధమే అవుతుంది.

నాకు ఆందోళన అనేది పుట్టింటి ఆస్తి. మాది మగ్గాల ఇల్లు. పోగు తెగుతుందేమో, రంగు అంటుకుంటుందేమో, సేటు చీర వాపసు పంపుతాడేమో అని మా అమ్మ పొద్దంతా ఏదో ఒక ఫికర్ పెట్టుకునే ఉండేది. నేను చదువుకుని ఉద్యాన శాఖలో ఉద్యోగం తెచ్చుకున్నాను గానీ ఆ ఫికర్ కూడా నా వెంటే వచ్చింది. ఇంటికి తాళం వేసి, సందు మలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసే మనిషిని. అందుకే నడుము తడుముకునే ఈ మనిషి నాకు మొదటి రోజే నచ్చాడు. నాకంటే పెద్ద భయస్తుడు ఇంకొకడు ఉన్నాడని కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు నాకు ఇక్కడ పోస్టింగ్ ఇచ్చారు. రైతులకు అంటు కట్టడం నేర్పే శిక్షణలో నేను మాట్లాడాలి, ఆయన చేసి చూపించాలి. నేను కాగితం చూసుకుంటూ గంటసేపు వాయించేదాన్ని. కత్తి పదునుగా ఉండాలి, కత్తికి తుప్పు, మట్టి, నూనె, జిడ్డు ఏవీ తగలకూడదు, జిడ్డు తగిలితే కన్ను అతుక్కోదు, ఇలాగ. ఆయన ఒక పక్కన జంబేరి మొక్క ముందు గొంతుకూర్చుని ఓపికగా వినేవాడు. జంబేరి అంటే నిమ్మజాతి మొండి మొక్క, దాని వేరు ఏ నేలలోనైనా బతుకుతుంది. దాని కాండం మీద జానెడెత్తులో గాటు పెట్టి, బత్తాయి కొమ్మ నుంచి తీసిన మొగ్గను ఆ గాటులోకి జొనిపి, పైన ప్లాస్టిక్ పట్టీ చుడతారు. ఆ మొగ్గనే కన్ను అంటారు. ఇరవై రోజులకు పట్టీ విప్పినప్పుడు కన్ను పచ్చగా ఉంటే బతికినట్టు, నల్లబడితే పోయినట్టు. నేను గంటసేపు చెప్పింది ఆయన అరనిమిషంలో చేసి, "మేడం జెప్పిందే నేను జేసిన, నాదేం లేదు" అని నా పరువు కాపాడేవాడు.

మొదట్లో నన్ను మేడం అన్నాడు. నేను కాకా అని పిలవడం మొదలుపెట్టాక బిడ్డా అన్నాడు. రైతుల ముందు మాత్రం ఎప్పుడూ మేడమే.

పొద్దున మొదటి మొక్క దగ్గర ఎడమ అరచెయ్యి దాని మీద పెట్టి కళ్లు మూసుకునేవాడు. "ప్రభువా, కత్తి నాది, చెయ్యి నీది" అనేవాడు. అంతకంటే పొడుగు ప్రార్థన ఆయన నోట నేను వినలేదు. కొమ్మ నుంచి తీసిన కన్నును పెదవుల మధ్య పట్టుకుని, రెండు చేతులతో గాటు విప్పేవాడు. కన్ను నోట్లో ఉన్నంతసేపు ఏం అడిగినా కనుబొమలతోనే జవాబు. అవునంటే రెండూ పైకి లేస్తాయి, కాదంటే ఒకటే లేస్తుంది. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు ఒకటి లేవలేదు, రెండూ కలిసే లేచేవి. అది చూసి ఆయనకు నవ్వొచ్చి కన్ను కింద పడితే, నన్ను తిట్టి ఇంకో కన్ను తీసుకునేవాడు. రైతు ఎవరైనా పక్కన నిలబడి ఎన్ని అయ్యాయి, ఎన్ని అయ్యాయి అని సతాయిస్తే తల ఎత్తకుండానే "తొందర మనకుంటది సారూ, చెట్టుకుండదు" అనేవాడు.

ఆయనకు గుంటెడు భూమి లేదు. ఇంటి వెనక రెండు బత్తాయి చెట్లు ఉన్నాయి, అవే ఆయన తోట. ఆయన చిన్నప్పుడు ఆ ఊళ్ల తోటల్లో వాళ్ల కులపోళ్లకు గ్లాసు ఇవ్వకుండా నీళ్లు దోసిట్లో పోసేవారట. ఇప్పుడు ఎవరూ అట్లా పొయ్యరు, స్టీలు గ్లాసుల్లోనే ఇస్తారు. అయినా ఆయన గ్లాసు ఆయన సంచిలోనే ఉండేది. "నాది నాకున్నది సారూ" అని మర్యాదగా అనేవాడు. అదే రైతులు కన్ను పెట్టే రోజు వచ్చిందంటే ఆయన కోసం వారాల తరబడి ఆగేవారు. హస్తవాసి అనేవారు. ఆయన చెయ్యి పడితే కన్ను చావదని పేరు. భూమి లేని మనిషికి ఆ పేరే భూమి.

ఒకసారి తోటలో పని మధ్యలో ఆయన చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయి అక్కడే ఆగిపోయింది. రుమాలు ఉంది, కత్తి లేదు. పనిలో ఉన్న వాళ్లందరం గంటసేపు వెతికాం. చివరికి బోరు దగ్గర తుంగగడ్డిలో నాకే దొరికింది. తీసుకుపోయి ఇచ్చేసరికి ఆయన గట్టు మీద కూర్చుని రెండు అరచేతులూ వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"దొరికింది గదా కాకా, ఇంకేం ఫికర్?" అన్నాను.

"కత్తి పోయిందని గాదు బిడ్డా. పడ్డది నాకు తెల్వలే. బోరు కాడ చేతులు గడుక్కొని తడిమి జూసిన. వేళ్లకు రుమాలు తగిలితే కత్తే అనుకున్న."

నాకు అర్థం కాలేదు. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"షుగరున్నది. యాడాదయితాంది, వేళ్ల కొసలకు ఏం తెలుస్తలేదు. మొదలు తిమ్మిరి అనుకున్న. ఇప్పుడు సన్నం దొడ్డు తెలుస్తలేదు, తడి పొడి తెలుస్తలేదు. పెదవులకింక తెలుస్తాంది, గందుకే కన్ను నోట్ల పెట్టుకుంటున్న. కండ్లతోని జూసి జేస్తున్న. నా కన్ను ఇప్పటికైతే ఒక్కటి పోలే. ఎవలకు జెప్పకు బిడ్డా. చెయ్యి సచ్చిందని తెలిస్తే నన్నెవలు పిలుస్తరు?"

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆ రోజు నుంచి ఆయన భయం నాకు అంటుకుంది. ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయినప్పుడల్లా నా కళ్లు కూడా అటే పోయేవి. ఉందా కాకా అని కళ్లతోనే అడిగేదాన్ని. ఉందని రెండు కనుబొమలూ లేపేవాడు. ఇద్దరం కలిసి ఒక కత్తికి కాపలా కాస్తున్నట్టు అయింది. ఇట్లా లాభం లేదని, కత్తికి బెల్టుకు పెట్టుకునే మంచి తోలు ఒర ఒకటి కొనాలని నేనే పట్టుబట్టాను.

"లుంగీ మీద బెల్టేంది బిడ్డా, పోలీసోని లెక్క" అని వారం రోజులు సతాయించాడు. వాళ్ల ఇంటావిడ నా పక్షం కాదు. "కందకు లేని దుల కత్తిపీటకెందుకు? ఆయినకు లేని ఫికర్ నీకెందుకు బిడ్డా?" అని నన్నే ఎకసెక్కం ఆడింది. ఆమెకు వేళ్ల సంగతి అప్పటికి తెలియదు. చివరికి ఒక ఆదివారం, ఆరాధన అయిపోయాక, చర్చికి వేసుకున్న ప్యాంటు మీదే నాతో నల్లగొండ బజారుకు వచ్చాడు.

మొదటి దుకాణంలో బెల్టుకు తగిలించే రెక్సిన్ సంచులు చూపించారు. ఒక దాన్ని నడుముకు పెట్టి అద్దం ముందు నిలబెట్టి, మంచిగ సెట్టయింది సార్ అన్నాడు దుకాణదారు. ఆయన అద్దం వంక చూడనే లేదు. దుకాణం మధ్యలో గొంతుకూర్చుని, అట్లాగే కూర్చుని పీతలాగా పక్కకు జరుగుతూ ఆ చివరి దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. చీరల బ్యాగులు చూస్తున్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను సిగ్గుతో చచ్చాను. ఆయన లేచి ప్యాంటు దులుపుకుని, "నేను పనిజేసేది నిలవడి గాదు నాయినా. కూసుంటే పక్కబొక్కల పొడుస్తాంది" అని ఇచ్చేశాడు. మేం ఇంకో రెండు దుకాణాలు తిరిగాం. రెండిట్లోనూ అదే పీత నడక. మూడోచోటికి వచ్చేసరికి నాకు సిగ్గు పోయింది, జనాన్ని నేనే పక్కకు జరగమన్నాను.

రెడీమేడ్ పని కాదని తేలాక, పాత బస్టాండు దగ్గర తోలుపని చేసే పెద్దమనిషి దగ్గరికి పోయాం. ఎద్దుల మెడపట్టీలు, బెల్టులు, చెప్పులు కుట్టే మనిషి. ఆయన కత్తి చేతిలోకి తీసుకుని తూచినట్టు అటూ ఇటూ చూసి, మొదట అడిగిన మాట, "కూసుండి చేస్తవా, నిలవడి చేస్తవా?" అని. అప్పుడు కాకా మొహం చూడాలి. తన భాష తెలిసిన మనిషి దొరికినట్టు వెలిగిపోయింది. ఫుట్‌పాత్ మీదే కూర్చోబెట్టి, వంగమని, కుడిచెయ్యి ఎక్కడికి అలవోకగా వస్తుందో చూసి, ప్యాంటు మీద సుద్దముక్కతో గీత గీశాడు. నిలువుగా వేలాడితే కూర్చున్నప్పుడు పొట్టలో పొడుస్తుంది. వెనక అడ్డంగా పెడితే చెయ్యి తిప్పి తీయాలి. అందుకని ముందువైపు, తొడ మీదికి వాలేట్టు ఏటవాలుగా కుట్టాలన్నాడు. మేకతోలు మెత్తగా ఉంటుంది గానీ బత్తాయి ముళ్లకు ఆగదు, బర్రెతోలు కొన్నాళ్లు కొరుకుతుంది గానీ మనిషిని దాటి బతుకుతుంది అన్నాడు.

"బర్రెదే పెట్టు" అన్నాడు కాకా. "మూత కాడ టిచ్ బటన్ పెట్టు. గట్టిగ చప్పుడయ్యేది."

చప్పుడెందుకని తోలుపనాయన అడిగాడు. కాకా నా వైపు ఒకసారి చూశాడు. ఒర తయారయ్యాక కత్తి పెట్టి, మూత నొక్కి, చెవి వంచి విన్నాడు. టక్. తీశాడు, మళ్లీ నొక్కాడు. టక్. పది పదిహేనుసార్లు నొక్కి ఉంటాడు. వేళ్లకు తెలియనిది చెవికి తెలుస్తుందని ఆయన ఆనందం. అక్కడున్న వాళ్లలో అది నాకొక్కదానికే తెలుసు. నేను మొహం పక్కకు తిప్పుకుని బస్సులు చూశాను.

ఆ తర్వాత వారానికే కనగల్ రైతు నర్సరీలో పని ఒప్పుకున్నాడు. రైతుకు ఆయన పేరు చెప్పింది నేనే. చలికాలం, మొక్కలు మంచి పాలు మీద ఉన్నాయి, అంటే బెరడు కింద రసం బాగా ఆడుతోంది. అయితే పని మొదలుపెట్టే ముందే ఒర ఆయన్ని కొరకడం మొదలుపెట్టింది. కూర్చున్నప్పుడల్లా కిర్రుమంటోంది, అంచు తొడకు ఒరుసుకుని కమిలిపోయింది. షుగరు మనిషి, పుండు పడితే మానదు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే పోయి, రెండు రోజులు నా దగ్గర ఉంచితే మెత్తగా చేసి ఇస్తానని తీసుకొచ్చాను.

మా దిక్కు కొత్త చెప్పులు కరిస్తే ఎవరైనా చేసే వైద్యం ఒక్కటే, ఆముదం. మా అమ్మ అట్లాగే చేసేది, వాళ్ల అవ్వ కూడా అట్లాగే చేసేదట. నేనూ గిన్నెలో ఆముదం గోరువెచ్చగా కాచి ఒర పైనంతా రుద్దాను. కరిచేది అంచు మాత్రమే. అయినా నాకు ఏ పనైనా కొంచెం చేస్తే తృప్తి ఉండదు. లోపల కూడా పోసి, అటూ ఇటూ తిప్పి, ఎండకు పెట్టాను. రెండు రోజులకు పాత నూలు చీర గుడ్డతో తుడిచాను. చేతిలో పట్టుకుంటే వెన్నలాగా వంగింది. నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను.

ఇస్తే, ఆయన వంచి చూసి వాసన పట్టాడు. "ఆముదమా బిడ్డా?" అన్నాడు.

"పైపైన కాకా. తుడిచిన" అన్నాను.

లోపల పోశానని చెప్పలేదు. ఇంత చిన్నదానికి ఆయన చేత తిట్లెందుకు అనుకున్నాను. శుభ్రంగానే తుడిచాను కదా అనుకున్నాను. కత్తికి జిడ్డు తగలకూడదని గంటలు గంటలు పాఠం చెప్పే నాకు, ఒరలోకి పోసింది కత్తికే పోసినట్టని తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అది నాకు కత్తి ఒరలాగా కాక కరిచే చెప్పులాగా కనిపించింది, అంతే. ఆయన నా మాట నమ్మి, కత్తి అందులో పెట్టి టక్ మనిపించాడు.

నాలుగు రోజులు కట్టాడు. మొదటి పొద్దున నేను అక్కడే ఉన్నాను. నర్సరీ సాళ్ల మధ్య ఏ నొప్పీ లేకుండా జరుగుతూ పోతున్నాడు. చాయ్ తాగేటప్పుడు చెయ్యి ఒర మీద వేసి, "మంచిగుంది బిడ్డా. మందలించక్కరలేని కోడలు దొరికినట్టున్నది" అన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆయన నడుము తడుముకోవడం చాలా తగ్గింది. నేను కూడా తాళం ఒక్కసారే చూసుకుని ఆఫీసుకు పోయానంటే నమ్మండి.

ఇరవై రోజులకు పట్టీలు విప్పడానికి పోయాం. మొదటి మొక్క ఆయనే విప్పాడు. కన్ను నల్లగా ఉంది. ఏదో ఒకటి పోతుందిలే అన్నాడు రైతు. రెండోది నలుపు. మూడోది నలుపు. సాలు చివరి దాకా ఆయన ఒక్కడే విప్పుకుంటూ పోయాడు, మేం వెనకే నడిచాం. తర్వాతి సాలు మధ్యలో లేచి నిలబడ్డాడు. కత్తి మడిచాడు, ఒరలో పెట్టి మూత నొక్కాడు. నడుము నుంచి బెల్టు విప్పి, ఒరతో సహా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సారూ, నా చెయ్యి సచ్చింది. మీ మొక్కలు పాడుజేసిన, మాఫ్ చెయ్యిండ్రి" అని రైతుకు చేతులు జోడించాడు. నాతో, "ఎవలన్న నేర్సుకునేటోళ్లుంటే ఇయ్యి బిడ్డా" అన్నాడు. సంచి భుజాన వేసుకుని రోడ్డు వైపు నడిచాడు. రైతు మంచివాడు, ఒక్క మాట కూడా అనలేదు. ఏమన్నా అని ఉంటే ఆయన ఇంకాసేపు నిలబడేవాడేమో.

నేను అక్కడే ఉండిపోయాను. కూలి ఆడవాళ్లు మిగతా పట్టీలు విప్పారు. మొదటి రెండు రోజులు కట్టిన సాళ్లన్నీ నలుపు. మూడో రోజు సాళ్లలో పచ్చగా కళ్లు కనిపించాయి. నాలుగో రోజువైతే పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రైతు ఆశ్చర్యపడి, మొదట్లో మంచు ఎక్కువ పడ్డట్టుంది మేడం అన్నాడు. చెయ్యి చచ్చిపోతే మూడో రోజు ఎట్లా బతికింది? రెండో రోజు పని అయ్యాక కత్తి సానబెట్టి కడిగానని ఆయనే నాతో అన్నాడు. అప్పటికి ఒర గోడల నూనె చాలావరకు కత్తికే అంటి పోయి ఉంటుంది. పక్కకు పోయి ఒర మూత తీసి లోపల అడుగుదాకా వేలు పెట్టాను. వేలు మెరుస్తూ వచ్చింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే నేను వేలు చీర కుచ్చిళ్లకు తుడుచుకున్నాను. ఆఫీసు రిపోర్టులో మంచు అని రాశాను.

మర్నాడే చెప్పేద్దామని వాళ్లింటికి పోయాను. ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వాళ్ల ఇంటావిడ, నేను చిన్నమ్మా అని పిలుస్తాను, ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "మంచిదే అయింది బిడ్డా. షుగరు ముదిరిందని ఇప్పుడు జెప్తాండు. ఇగ ఇంట్ల కూసుంటడు, గోలీలు ఏళకేసుకుంటడు" అంది. ఆమె అంత నిమ్మళంగా ఉంటే ఎందుకు కదిలించాలి అనుకున్నాను. ఇంకోటి కూడా అనుకున్నాను. వేళ్లు బాగుంటే కత్తికి జిడ్డు ఉందని మొదటి గాటుకే ఆయనకు తెలిసేది కదా, అంటే తప్పు నా ఒక్కదానిదే కాదు కదా. అది సగం నిజం. ఆ సగాన్ని పట్టుకుని నేను రెండేళ్లు నెట్టుకొచ్చాను.

చెప్పే వీలు రాలేదని అనలేను. వెనక సాళ్లు మంచిగానే వచ్చాయని రైతు ద్వారా ఆయనకు తెలిసింది. "దేవుడు రైతు మొకం జూసి బతికిచ్చిండు బిడ్డా. నా చెయ్యి గాదు" అన్నాడు నాతో. అప్పుడు నా నోటి దాకా వచ్చింది. చిన్నమ్మ చాయ్ తెచ్చింది. చాయ్ తాగాను. ఇంకోసారి, నలుగురు రైతులు ఇంటికి వచ్చి బతిమాలితే రానన్నాడు. కనీసం శిక్షణలో పిల్లలకు నేర్పమని నేనడిగితే, "పోయిన చేత్తోని ఏం నేర్పుత?" అన్నాడు. ఇంటి వెనక తన రెండు చెట్లకు ఎండిన కొమ్మలు కొయ్యడం కూడా మానేశాడు. నడుము తడుముకోవడం మాత్రం మానలేదు. చెయ్యి పోయేది, ఏమీ లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. అది చూసినప్పుడల్లా ఈసారి వచ్చినప్పుడు చెప్తాను అనుకుని లేచేదాన్ని. పండ్లు తీసుకుపోయేదాన్ని, మందులు తీసుకుపోయేదాన్ని, మాట తప్ప అన్నీ తీసుకుపోయాను.

ఆయన పోయాక ఇంటివాళ్లు పెట్టిన ప్రార్థనకు, ఆదరణ కూడికకు పోయాను. ఇంటి ముందు టెంటు వేసి కుర్చీలు వేశారు. పాట, వాక్యం అయ్యాక, పోయినాయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నాడు పాస్టరు. కనగల్ రైతు లేచాడు. "గసుంటి హస్తవాసి నేను మల్ల సూడలే. ఆఖరుకు నా కాడ్నే చెయ్యి తప్పింది గని, దాంట్ల ఆయిన తప్పేం లేదు, రోగం" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. జనం అయ్యో అన్నారు.

నేను లేచాను. "ఆయన చెయ్యి తప్పలేదు" అన్నాను. ఆముదం సంగతి, ఒర లోపల పోసిన సంగతి, ఆయన అడిగితే పైపైన అని అబద్ధమాడిన సంగతి, ఏ సాళ్లు చచ్చాయో ఏ సాళ్లు బతికాయో, రిపోర్టులో మంచు అని రాసిన సంగతి, అన్నీ చెప్పాను. వేళ్ల తిమ్మిరితో కూడా ఆయన కట్టిన కన్ను బతికిందని చెప్పాను. రైతు నేల చూశాడు. వెనక నుంచి ఎవరో, "పోనియ్యిండ్రి మేడం, మీరు కావాలని జేసిండ్రా" అన్నారు. పాస్టరు నా కోసం కూడా ప్రార్థన చేశాడు. కూర్చున్నాక నాకు ఒళ్లంతా తేలికైంది. రెండేళ్ల బరువు దిగిపోయినట్టు హాయిగా అనిపించింది. నిజం చెప్తున్నాను, ఆ కాసేపు నేను సంతోషంగా ఉన్నాను.

భోజనాల దగ్గర చిన్నమ్మ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా, కోపం ఏమీ లేకుండానే అంది.

"మంచి మాటనే జెప్పినవు బిడ్డా. రోజు పండుకునే ముంగట రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని జూసుకుంటుండె. గీ చేతులు ఏం తప్పు జేసినయే, ఏడ తప్పు జేసినయే అని నన్నడుగుతుండె. రెండేండ్లు అడిగిండు. నాకు తెల్వకపాయె, నేనేం జెప్పాలె? నీకైతే తెలుసు గద బిడ్డా. మా ఇంటికి ఎన్నిసార్లొస్తివి."